ఎత్తిన అరచెయ్యి

గద్వాలలో నాకు టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉండె. గరగర లేకుంటే రిపేరయినట్టే అనుకునేటోణ్ణి. ఒకసారి ధరూర్ నుంచి ఒకామె టేపు తెచ్చింది, బొంబాయిల పనికి పోయిన పెనిమిటి మాటలు నింపి పంపిన క్యాసెట్టుతోని.

కొత్త బెల్టేసి వినిపించిన. ఆమె కండ్లు మూసుకొని అరచెయ్యి ఎత్తింది. "మా ఆయన గింత ఉరుకుతున్నట్టు మాట్లాడడన్నా."

మోటరు వేగం తగ్గించే స్క్రూ జర తిప్పిన.

"గిట్ల సాగదీసి గూడ మాట్లాడడు."

వెంట్రుకంత వెనక్కి తిప్పంగనే ఎత్తిన చెయ్యి మెల్లగ ఒళ్లోకి దిగింది. "గిప్పుడు ఆయనే" అన్నది. ఆ వెంట్రుకంత తేడా నా చెవికి తెల్వలేదు.

ఎండకాలంల నేనో రేడియో విప్పుకొని కూసున్నప్పుడు, గడప కాడి నుంచి ఎవరో అడిగిండు: "అన్నా, టేపుకు సెల్లులున్నయా?"

తల ఎత్తకుండనే అడిగిన: "బొంబాయి నుంచి ఎప్పుడొచ్చినవన్నా?"