కేథరిన్ కోసం లేచి నిలబడ్డాను

ఈ ఉదయం వంటింట్లో వట్టి కాళ్లతో అడుగు పెడితే నేల మంచులా తగిలింది. ఆ చలికి అమెరికా కాలేజీలో నా చరిత్ర క్లాసు గుర్తొచ్చింది. ప్రొఫెసర్, జర్మన్ పిల్ల కేథరిన్‌ని రష్యా జనం మహారాణిగా ఎలా ఒప్పుకున్నారని నన్నే అడిగారు. కాన్వెంట్ అలవాటుతో లేచి నిలబడ్డాను. అందరూ నవ్వారు.

"ఏమే, ఇక్కడ కూర్చునే ఆన్సర్ చేయొచ్చు!" అంది పక్కనున్న సుధ.

"కూర్చుంటే నాకు ఆన్సర్ రాదే."

రష్యన్ నేర్చుకోవడానికి కేథరిన్ రాత్రుళ్లు చల్లని నేల మీద వట్టి కాళ్లతో తిరుగుతూ పాఠాలు వల్లించి జబ్బుపడిందనీ, జనం మనసు అక్కడే కరిగిందనీ చెప్పాను. తర్వాత జవాబిచ్చిన అమెరికన్ అమ్మాయి కూడా నవ్వుతూ లేచి నిలబడింది!

మీరూ ఇంకా లేచి నిలబడుతున్నారా? చెప్పండి, నాకు తోడుంటారు.

క్లాసయ్యాక ప్రొఫెసర్ మొదటిసారి నా పేరు అడిగారు. అప్పటికే టర్మ్ సగం గడిచిపోయింది.