గొర్రెల మీద డిక్టేషన్

నేను కోసే కోతల్లో సగం అబద్ధాలని మా వాళ్లంటారు. ఇది మిగతా సగంలోది.

మోతె పక్కన ఒక బడిలో పంతులుగా ఉన్న రోజులవి. ఏటా పిల్లల చదవడం, రాయడం పరీక్షించడానికి బయటి మనిషిని పంపేవారు. మా పిల్లలకు మేమే మార్కులు వేసుకుంటే అందరూ పండితులైపోతారు కదా. ఆ ఏడు కోదాడ నుంచి ఒక మాస్టారు దిగారు. ఇస్త్రీ నలగకుండా కూర్చోవడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

మూడో తరగతి పిల్ల ఒకతి వంతు వచ్చింది. గొర్రెలు కాసే వాళ్ల నాయన మందతో సహా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "రాస్తే బడి, రాయకుంటె గొర్ల ఎంబడి. ఇయ్యాల తేలిపోవాలె సారూ" అని నాతో ముందే చెప్పాడు.

పిల్ల గడగడా చదివింది. రాయమనేసరికి బిగుసుకుపోయింది. పెన్సిల్ కదలదు.

నాయన కర్ర సర్దుకున్నాడు. "ఇగ నడువు బిడ్డా."

నా నోరు ఊరుకుంటుందా? మందలు కలిసిపోకుండా గొర్రెల వీపున ఎర్ర జాజుతో గుర్తులు వేసేది ఆ పిల్లే. "గొర్రె మీదైతే రాస్తది సార్" అన్నాను.

"రూల్సు ఒప్పుకోవండీ."

"కాయితం మీదనే రాయాల్నని యాడున్నది? సూపియ్యండ్రి."

ఆయన రూల్సు తిరగేశారు. ఎక్కడా లేదు. ఉసూరుమంటూ వాక్యం చెప్పారు: "మా నాన్న నన్ను బడికి పంపుతాడు."

పిల్ల జాజు ముంతలో వేలు ముంచింది. గొర్రెకో మాట. చివరి మాట పొడుగని పెద్ద పొట్టేలును పట్టింది. ఆఖరి కొమ్ము ఇచ్చిందో లేదో, అది గేటు దూకి వరి మడుల్లో పడింది.

మిగిలినవాటిని వరసలో నిలబెట్టి మాస్టారు చదివారు. "మా నాన్న నన్ను బడికి... తర్వాతేదండీ? వాక్యం పూర్తి కాకపోతే మార్కు వెయ్యను."

"ఏం పోయింది సారూ?" అన్నాడు నాయన.

"పంపుతాడు అన్న మాట ఉరికిందయ్యా. అది లేకుంటె నీ బిడ్డ ఫెయిల్" అన్నాను నేను.

బిడ్డను తోలుకుపోవడానికి వచ్చిన మనిషి పంచె ఎగ్గట్టి పొట్టేలు వెంట పడ్డాడు. ఇద్దరూ హుజూర్‌నగర్ బస్సును దాటేశారని ఊళ్లో అంటారు. నేనైతే మలుపు దాకే చూశాను. చివరికి మోకాళ్ల దాకా బురదతో, పొట్టేలును భుజాన వేసుకొచ్చి వరస చివర నిలబడ్డాడు.

మాస్టారు మొత్తం చదివి మార్కు వేశారు.

"మళ్లొక్కపారి సదువుండ్రి సారూ."

చదివారు. నాయన పొట్టేలును దించి, బిడ్డ వేలికంటిన జాజు తుడిచాడు.

"తోల్త బిడ్డా బడికి. గొర్ల మీద రాసినంక మాట తప్పితె మంద ముంగట ఇజ్జత్ ఉంటదా?"