సత్యవతిగారి ఇంట రెండో విస్తరి

తొంభైల చివర్లో, ఒక పుష్యమాసం ఉదయం ఆరింటికి కాకినాడలో బస్సెక్కాను. మానసిక జబ్బున్నవాళ్లు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో ఇంటికెళ్లి చూసి మార్కులు వేయడం నా ఉద్యోగం. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేసరికి మంచుకి అవతలి ఒడ్డే కనబడలేదు.

"రాజోలాండీ? అమలాపురంలో బస్సు మారాలి. రేవు దాటగానే టిఫిను చేసెయ్యండి" అన్నాడొక కొబ్బరికాయల వ్యాపారి. ఆయన మాట విని ఇడ్లీ తిన్నాను. చట్నీలో నీళ్లే నీళ్లు!

రాజోలు పక్క పల్లె చేరేసరికి పదకొండయింది. నేను చూడాల్సిన సత్యవతిగారు తమ్ముడు సూరిబాబుగారితో ఉంటున్నారు, ఆయనకేమో రాజమండ్రి బదిలీ అయింది. ఆవిడ ఒక్కరే ఉండగలరని నేను రాస్తే ఇంట్లోనే ఉంటారు, లేదంటే విశాఖలో ఆసుపత్రికి. "ఇల్లు వదలమంటే అక్కయ్య బతకదండి" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ నా ముందే పొయ్యి వెలిగించి, అన్నం వండి గంజి వార్చారు. కూర వాసన చూసే ఉప్పు సరిపోయిందన్నారు. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో తడుముకోకుండా చెప్పారు. నాకెంత ముచ్చటేసిందో!

రెండు విస్తళ్లు వేశారు. "రండి సూరిబాబుగారూ" అన్నాను.

"తమ్ముడు తర్వాత తింటాడండి. ఇది మీతో వచ్చినావిడకి. పాపం, ఇందాకట్నుంచీ గుమ్మంలోనే నిలబడిపోయేరు."

సూరిబాబుగారి ముఖం పాలిపోయింది. "నేనొక్కణ్ణే వచ్చానండీ" అన్నాను.

"ఆయ్" అన్నారావిడ. అతిథి మాట కాదనడం మర్యాద కాదు మరి. రెండో విస్తట్లోనూ కూర వడ్డించారు. గుమ్మం వైపు చూడాలంటే మిట్టమధ్యాహ్నమే నాకు భయమేసింది.

చివరి ప్రశ్న అడగక తప్పలేదు. "రాత్రుళ్లు ఒక్కరే ఉండగలరాండీ?"

"ఒక్కదాన్నేంటండీ? ఆవిడ ఇక్కడే ఉండిపోతానంటున్నారు. మీకేం ఇబ్బంది లేదు కదండీ?"

నేను మార్కులు వేసేది ఎదుటివాళ్లు చేసే పనికి, వాళ్ల కంటికి కనిపించేదానికి కాదు. వండుకోగలరు, మందులు వేసుకోగలరు, ఇంట్లోనే ఉండొచ్చు అని రాసి, "ఇబ్బందేం లేదండీ" అన్నాను. సూరిబాబుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

మూడున్నర బస్సుకి బయల్దేరి, పొద్దు వాలేవేళకి మళ్లీ పంటు ఎక్కాను. నీరెండలో గోదావరి, చల్లటి గాలి. అటు వెళ్లేవాళ్లు తప్పక ఈ దారినే వెళ్లండి. ఉద్యోగం పేరుతో ఇన్నేళ్లూ ఊళ్లన్నీ ఒక్కణ్ణే తిరిగాను, ఏనాడూ ఒంటరిగా ఉన్నట్టనిపించలేదు. ఆ సాయంత్రం మాత్రం, బల్ల మీద నా పక్కన ఎవరూ లేరు.