దసరా బొట్ల తుపాకి

అసలైన ఇంగ్లీషు తుపాకి కొనాలని నాన్నగారికి ఎన్నాళ్లుగానో ఆశ. సూర్యాపేటలో ఒకరింట్లో ఒకటి అమ్ముతారని విని, బెజవాడ నుంచి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు. అసలుదో నకిలీదో తేల్చే ముద్ర గొట్టం మీద ఉండాలి. ఏటేటా దసరాకు పెట్టిన పసుపు కుంకుమలు అక్కడ అట్టకట్టాయి. నాన్నగారు చాకు తీసి గీకబోయారు.

ఆ ఇంటి ముసలమ్మ తుపాకి లాక్కుంది.

"పెండ్లిచూపులకొచ్చి పిల్ల మొగం గీకి సూస్తరా అయ్యా? మీ ఇంట్ల దసరాకు దీనికి బొట్టు వెడ్తరా?"

"మేం పుస్తకాలకు పెడతామండీ," అన్నారు నాన్నగారు నిజాయితీగా.

"అయితే పోయి పుస్తకాలే కొనుక్కోండ్రి."

బస్సులో కోదాడ దాకా ఏ పుస్తకాలు అడగాలో నేను ఆలోచించుకుంటూ కూర్చున్నాను.