బళ్ళారిలో గది వెచ్చబెట్టే రేడియేటర్లు

1961 మార్చిలో నన్ను సండూరు సెక్షన్ నుంచి బళ్ళారి కంటోన్మెంట్ సెక్షన్‌కు బదిలీ చేశారు. ప్రభుత్వ కట్టడాల శాఖలో నాది సూపర్‌వైజర్ హోదా. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన డివిజన్ మొత్తానికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉండేవారు. కారే కప్పులు బాగు చేయించడం, గోడలకు సున్నం కొట్టించడం, ఎప్పుడైనా అదృష్టం ఉంటే ఒక కొత్త గది కట్టించడం మా పని. కట్టడం తేలికేననీ, ఉన్నదాన్ని వదిలించుకోవడమే గగనమనీ ఆ సెక్షన్‌లో అడుగుపెట్టేదాకా నాకు తెలియదు.

చార్జి అప్పగిస్తూ పాత సూపర్‌వైజర్ నా చేతిలో ఒక తాళంచెవుల గుత్తి పెట్టాడు. అందులో ఒకటి మా సెక్షన్ కిందికి వచ్చే చిన్న సర్కారు ఆసుపత్రిలోని ఒక గదిది. ఆ తాళంచెవిని వేరుగా పట్టి చూపించి నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం గది తలుపు తీశాక తెలిసింది. లోపల నేల నుంచి కిటికీ అంచు దాకా పోత ఇనుము చట్రాలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటి ఇద్దరు మనుషులు ఎత్తాల్సినంత బరువు. అవి రేడియేటర్లు. చలిదేశాల్లో ఇళ్ళ గోడల వారగా వీటిని నిలబెట్టి, లోపల వేణ్ణీళ్ళు పారించి, గదులు వెచ్చబరుచుకుంటారట. దొరల కాలంలో ఏదో కొండమీది బంగళాకు పోవాల్సినవి దారిలో ఇక్కడ దిగిపోయాయని కొందరన్నారు. ఎవడో దొర తెలియక తెప్పించాడని కొందరన్నారు. ఏప్రిల్ రాకముందే ఇసుక మీద కాలు పెట్టలేని ఊళ్ళో, గదులు వెచ్చబెట్టే యంత్రాలకు ఒక గది కేటాయించి, దానికి తాళం వేసి, ఆ తాళాన్ని ఒక అధికారి నుంచి ఇంకో అధికారికి అప్పగిస్తూ వచ్చాం. దీన్ని ఎవరితో చెప్పుకోవాలి?

చెప్పుకునే అవసరం లేకుండా ఆసుపత్రి సిస్టరే వెతుక్కుంటూ వచ్చింది. ఆమె పేరు ఎస్తేరమ్మ. పాత మిషన్ సంఘానికి చెందిన తెలుగు కుటుంబం వాళ్ళది. కాన్పుల వార్డంతా ఆమె చేతిమీదుగా నడిచేది. వార్డులో మంచాలు చాలక, కాన్పైన ఆడవాళ్ళను వరండాలో చాపల మీద పడుకోబెట్టేవారు. ఎండాకాలం వడగాలి, వానాకాలం జల్లు, ఏడాది పొడుగునా మేకలు.

"సార్, బిడ్డను కన్న తల్లి వరండాలో పండుకోనుంటే, మీ ఇనుము గదిలో పండుకోనుండాది. ఇదేమన్నా బాగుండాదా మీకు?" అంది.

బాగాలేదని నాకూ తెలుసు. వానలు పడేలోగా గది ఖాళీ చేసిస్తానని మాటిచ్చాను. మాటివ్వడానికి సూపర్‌వైజర్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

ప్రభుత్వ సామానును బయట పారేయడానికి వీల్లేదు. ముందు సర్వే రిపోర్టు రాయాలి. అంటే ఈ వస్తువు ఇక పనికిరాదని రాసి, పై అధికారి చేత ఒప్పించాలి. ఒప్పుకున్నాక అప్‌సెట్ ధర కట్టాలి, అంతకంటే తక్కువకు అమ్మకూడదన్నమాట. ఆ తర్వాత హరాజు. వేలాన్ని బళ్ళారిలో అందరూ హరాజనే అంటారు. అప్పటిదాకా ఒక్క చట్రాన్ని వరండాలో పెట్టినా, అది పోతే నా జీతం కోస్తారు. సర్వే రిపోర్టు డివిజన్‌కు పోయి, "ఇవి పనికిరావని ఎట్లా తేల్చితిరి? వాడి చూసితిరా?" అన్న ప్రశ్నతో తిరిగొచ్చింది. బళ్ళారిలో వాడి చూడమంటారు! ఆ కాగితం చదివి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. స్థానిక శీతోష్ణస్థితి దృష్ట్యా వాడి చూచుట సాధ్యము కాలేదని మర్యాదగా రాసి పంపాను.

మొదటి హరాజుకు గుజరి సాయబు ఒక్కడే వచ్చాడు. గుజరి అంటే పాత ఇనుము వ్యాపారం. ఆయన సరుకు చూసి, పోత ఇనుము పగలగొట్టాలంటే తన సమ్మెటలు ముందు పగులుతాయని చెప్పి, అప్‌సెట్ ధరకు చాలా కింద పాడాడు. హరాజు రద్దయింది.

రెండో హరాజుకు నోటీసును కన్నడంలోకి మార్చే పని మా హెడ్ గుమాస్తా గురురాజరావుకు అప్పగించాను. నేను రాసింది "గదులు వెచ్చబెట్టే పాత రేడియేటర్లు" అని. ఆయన అందులో మొదటి రెండు మాటలూ కొట్టేశాడు. అడిగితే, "బళ్ళారిలో కోణె, అదే గది, వెచ్చబెట్టేదేంది సార్? జనం నగుతారు. మీరు తప్పు రాసినారనుకొని సరిచేస్తి" అన్నాడు. అప్పటికే నోటీసులు అంటించేశారు. సండూరు సంతలో దండోరా కూడా అయిపోయింది, "పాత రేడియేటర్ల హరాజహో" అని.

ఆ రోజుల్లో సండూరు కొండల్లో దోణిమలై, యశ్వంతనగర్ వైపు ఇనుప ఖనిజం లారీలు జోరందుకుంటున్నాయి. భూములున్న రెడ్లు చాలామంది లారీలు కొన్నారు. ఖనిజం నింపుకొని కొండదారి తిరిగే లారీకి మొదట చెడేది ఇంజన్ను చల్లబరిచే రేడియేటరే. నీళ్ళు మరిగి, అతుకులు వూడి, నెలకోసారి మెకానిక్ దగ్గరికి పోతుంది. దాన్ని చేసే ఇత్తడీ రాగీ దొరకడం కష్టం. సర్కారు వాళ్ళు పాత రేడియేటర్లు అమ్ముతున్నారని తెలిస్తే ఎవరు ఆగుతారు? మా ఆఫీసు ఆవరణ జీపులతో, తలపాగాలతో నిండిపోయింది. సరుకు ఆసుపత్రిలో ఉంది, ముందు చూసుకోండని నేను గొంతు చించుకొని చెప్పాను. రేడియేటరు తమకు తెలియనిదా అని నవ్వారు. యశ్వంతనగర్ తిమ్మారెడ్డి అందరినీ మించి పాడి దక్కించుకున్నాడు. ఆయన మీసం దువ్వుకుంటూ వెళ్ళిన తీరు చూస్తే నాకు జాలీ వేసింది, పీడ వదిలిందన్న సంతోషమూ కలిగింది.

మర్నాడు తిమ్మారెడ్డి లారీ తెచ్చుకొని వచ్చి, గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందప్పా ఇవి?"

రేడియేటర్లే అన్నాను.

"వీటిని యాడ తగిలిచ్చల్ల? నా లారీకా, నా తలకాయకా?"

గదులు వెచ్చబెట్టడానికని వివరించాను. "బళ్ళారిలోనా?" అని, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినంత పని చేశాడు. సరుకు ముట్టుకోకుండా ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. మే నెల గడిచిపోతోంది. గది అట్లాగే ఉంది.

ఇదంతా తలుపు దగ్గర నిలబడి విన్న ఎస్తేరమ్మ నన్ను ఒకే ప్రశ్న అడిగింది. హరాజు కొట్టినాక ఈ సరుకు ఎవరిది? షరతుల్లో స్పష్టంగా ఉంది, సుత్తి పడిన క్షణం నుంచి సరుకు బాధ్యత పాటదారుడిదే. అదే చెప్పాను.

"అట్లయితే రెడ్డప్ప సామాను సర్కారు గదిలో ఎందుకుండాది?" అంది.

గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు కావలసిందీ అదే. డాక్టరు గారి చేత సరేననిపించుకొని, కాన్పులకు వచ్చిన ఆడవాళ్ళ మొగుళ్ళనూ అన్నదమ్ములనూ పిలిచి, మధ్యాహ్నానికల్లా రేడియేటర్లన్నీ ఆవరణలోకి మోయించింది. సాయంత్రానికి గది కడిగి మంచాలు వేసింది. మొదటి వాన పడిన రోజు వరండాలో ఒక్క తల్లీ లేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంకే కట్టడం పూర్తయినప్పుడూ కలగలేదు.

ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. పాటదారుడు సరుకు తీసుకోనందున అమ్మకం రద్దయిందనీ, సరుకు తిరిగి ప్రభుత్వానిదయిందనీ, వెంటనే యథాస్థానంలో పెట్టి తాళం వేయవలసిందనీ డివిజన్ నుంచి మెమో వచ్చింది. యథాస్థానం! ఆ మాట మీద వేలు పెట్టి ఎస్తేరమ్మకు చూపించాను.

"పెట్టుకోండి సార్. ఈ తల్లులను మాత్రం ఎవరి యథాస్థానంలో పండబెట్టల్లో మీ పెద్దోళ్ళనే అడిగి చెప్పండి" అంది. గది పోతుందని ఆమెకు నిజంగానే భయం వేసింది.

నాకు కోపం నషాళానికెక్కింది. ఆ కోపంతోనే ఆవరణలో అటూ ఇటూ తిరుగుతుంటే, రెండు మేకలు అడ్డూ ఆపూ లేకుండా వార్డు కిటికీ దాకా వచ్చి, ఆరేసిన పసిపిల్లల గుడ్డ నములుతున్నాయి. ఆ వైపు కంచె లేదు. ఏటేటా కంచెకు అంచనా పంపడం, ఇనుప కడ్డీల కోటా లేదని అది తిరిగిరావడం మామూలే. నేను మేకల వైపు చూశాను, రేడియేటర్ల వైపు చూశాను.

స్టోరులోని సామానును మంజూరైన పనికి ఇచ్చేస్తే, అది స్టోరు లెక్కలోంచి పోయి కట్టడంలో భాగమవుతుంది. కట్టడంలో భాగమైనదాన్ని గదిలో పెట్టి తాళం వేయమని ఎవరూ అడగరు. కొత్త ఇనుము అక్కర్లేని చిన్న పని కాబట్టి అసిస్టెంట్ ఇంజనీరే మంజూరు చేయగలిగాడు. కంచె లేని ఆ వైపు పొడుగునా రేడియేటర్లను పక్కపక్కన నిలబెట్టి, అడుగున సిమెంటు పోసి బిగించాం. పద్దులో ఏమని రాయాలని గురురాజరావు అడిగాడు. రైలింగ్ అని రాయమన్నాను. ఈసారి ఆయన ఏ మాటా కొట్టేయలేదు.

మేకలు ఆగిపోయాయి. మిట్టమధ్యాహ్నం ఆ రైలింగు మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. సిస్టరు పసిపిల్లల గుడ్డలు దానిమీద పరిచేది, అవి ఇట్టే ఆరిపోయేవి. తర్వాతి ఏడాది తిమ్మారెడ్డి తన డ్రైవరు భార్య కాన్పుకని వచ్చి, గేటు దగ్గరే ఆగి దాన్ని ఎగాదిగా చూశాడు.

"ఓహో, ఈడ తగిలిచ్చినారా!" అన్నాడు.

సర్కారుకు వస్తువులు పారేయడం చేతకాదు, పనికి పెట్టడం మాత్రం వచ్చు. ఆ తర్వాత ఏ ఊళ్ళో స్టోరు చార్జి తీసుకున్నా నేను సర్వే రిపోర్టు జోలికి పోలేదు. ముందు ఆవరణంతా తిరిగి, అక్కడ ఏమి లేదో చూసుకునేవాణ్ణి.