పైడయ్య మాస్టారు విప్పొద్దన్న బూట్లు

గత మంగళవారం ప్రాతఃకాలాన, మలయా దేశపు క్లాంగు పట్టణంలో, డ్రిల్లు మాస్టారు పైడయ్యగారు పరమపదించారు. కబురు తెచ్చిన మిత్రుడు నా ఆఫీసు బల్ల ముందు నిలబడి, "మాస్టారు పోనార్రా సూరీ" అన్నాడు. నేను కలం చేత్తో పట్టుకునే "ఏ మాస్టారు?" అని అడిగాను. ఈ ఊళ్లో మా ఈడువాళ్లందరికీ మాస్టారంటే ఒక్కరే. తెలిసే అడిగాను. ఇంకెవరి పేరైనా చెబుతాడేమోనన్న దురాశ.

ఆ మహనీయుణ్ణి స్మరించడానికి నాకంటె యోగ్యులైన శిష్యులు ఎందరో ఉన్నారు. అయితే వారెవరికీ లేని అర్హత నాకొకటి ఉంది. ఫుట్‌బాల్ జట్టు శిక్షకత్వం నుంచి వారిని దింపించినవాణ్ణి నేనే. కనుక ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

మాస్టారు విశాఖపట్టణం జిల్లా నుంచి పసితనంలో తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చారు. తండ్రి రబ్బరు తోటలో కూలీ. ఆ కూలిలైన్ల నుంచే స్వయంకృషితో చదువుకుని మా కాలేజీలో డ్రిల్లు మాస్టారయ్యారు. పేరుకు కాలేజీ గాని, నిజానికి అది రెండు మేడల పెద్ద ఇంగ్లీషు బడి. అయినా ఎవరైనా బడి అన్నారో, మాకు ఒళ్లు మండేది! ఆ కాలేజీకి ఫుట్‌బాల్ జట్టంటూ ఒకటి ఉందంటే అది అక్షరాలా వారి స్వహస్తనిర్మితం.

పందెం ఉన్న రోజు తెల్లవారగానే పంచె మోకాళ్లపైకి ఎగగట్టి, వట్టి కాళ్లతో మైదానమంతా నడిచేవారు. ఇక్కడ అందరూ పడాంగు అనే ఆ పచ్చిక మైదానంలో ఎక్కడ నీరు దిగదో, ఎక్కడ మట్టి జారుతుందో అరికాలితోనే కనిపెట్టి, ఆటగాళ్లను వెంట తిప్పి చూపేవారు. "కాళ్లకి కళ్లున్నాయిరా బాబూ, ఆటిని తెరిసుంచండి" అనేవారు. మా జట్టు వట్టి కాళ్లతోనే ఆడేది. ఏ వానలోనూ జారి పడేది కాదు.

అప్పన్న సంగతి చెప్పాలి. వాడు తోటకూలీ సింహాద్రి కొడుకు. రబ్బరు చెట్ల మధ్య పంపరపనసకాయను తన్నుకుంటూ పరుగెత్తుతుంటే మాస్టారి కంటబడ్డాడు. వెంటనే వెళ్లి వాణ్ణి కాలేజీలో చేర్చుకోమని ప్రిన్సిపాలుగార్ని అడిగారు. ఆయన కుదరదన్నారు. మాస్టారు వాదించలేదు. మూడు రోజులు, డ్రిల్లు గంట అయిపోగానే వెళ్లి ఆయన గది వరండాలో నిలబడ్డారు. నాలుగో నాడు ప్రిన్సిపాలుగారే విసుగెత్తి, "తీసుకురావయ్యా నీ కుర్రాణ్ణి" అన్నారు. ఆ అప్పన్నే కుడివైపు నుంచి దూసుకుపోయి మమ్మల్ని కప్పు పందెం ఆఖరి ఆట దాకా మోసుకెళ్లాడు.

ఆ ఆఖరి ఆట కోలాలంపూరు జట్టుతో. వాళ్లు చిన్ననాటి నుంచి బూట్లతో ఆడేవాళ్లు. అంతే, మాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పూర్వవిద్యార్థులం పదిమందిమీ పోగై, దొరలంతా చూస్తుండగా మనవాళ్లు వట్టి కాళ్లతో ఆడితే పరువేం కావాలని పట్టుబట్టాం. అందరికంటె పెద్ద గొంతు నాదే. మాస్టారు వద్దన్నారు. "కాళ్ల కళ్లకి గంతలు కడతానంటారేట్రా?" అన్నారు. మేం వింటేగా! బూట్లు తెప్పించే పెట్టాం. ఇక తప్పదని తెలిశాక మాస్టారు మూడు వారాలపాటు పిల్లలకు బూట్లతో నడవడం, తర్వాత పరుగెత్తడం నేర్పారు. బొబ్బలెక్కిన పాదాలకు స్వయంగా కొబ్బరినూనె రాశారు.

ఆ రోజు మధ్యాహ్నం కుండపోత. పడాంగు బురదమయం. ఒడ్డున వేసిన డేరాలో దొరలు కూర్చున్నారు. వారిలో అప్పన్నవాళ్ల తోట దొర కూడా ఉన్నాడు. డేరా వెనక తోటవాళ్లు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డారు. దొర ఉన్నచోట కూలివాడు చెప్పులు తొడగకపోవడం ఈ దేశపు మామూలు. అది నేను చూశాను గాని, పట్టించుకోలేదు. మేం ఎదుటి ఒడ్డున గొడుగుల కింద గొంతు చించుకుంటున్నాం. హాఫ్‌టైముకు రెండు గోల్స్ తిన్నాం. మా పిల్లలు జారుతున్నారు, పడుతున్నారు, బంతి ఒక దిక్కు, వాళ్లొక దిక్కు.

"బూట్లు విప్పించండి మాస్టారూ! విప్పించండి!" అని మా ఒడ్డంతా ఒక్కటే కేక. పక్కనున్న తమిళ మిత్రుడు "ఎన్నయ్యా ఇదు!" అంటూ నెత్తి కొట్టుకున్నాడు. డేరా దగ్గర కూర్చున్న అప్పన్న వంగి బూటు ముడి లాగడం నాకు కనిపించింది. అమ్మయ్య, బతికాం అనుకున్నాను. ఇంతలో మాస్టారు ఆ బురదలో మోకాలు ఆనించి కూర్చుని, అప్పన్న విప్పిన ముడిని తిరిగి తన చేత్తోనే గట్టిగా బిగించారు!

ఆ రోజు నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. ఆట ముగియగానే మాస్టారికి ఎదురెళ్లి, "తగలెయ్యా మీ శిక్షణ! ముసలి మొండితనంతో కాలేజీ పరువు బురదలో కలిపారు" అని నలుగురి మధ్య అరిచాను. బూట్లు కావాలన్నది నేనే. బూట్లెందుకు విప్పించలేదని నిలదీసిందీ నేనే. నాకా సిగ్గు అప్పుడు లేదు. ఆయన తలవంచుకుని, "ఓడిపోనాం కదరా సూరీ" అన్నారు. అంతే.

మర్నాడు కూర్చుని, మాస్టార్ని జట్టు నుంచి తప్పించమని మహజరు రాశాను. నా ఇంగ్లీషు పాండిత్యమంతా అందులో ధారపోశాను. వాడవాడా తిరిగి సంతకాలు పెట్టించాను. నెల తిరక్కుండా జట్టును మరొకరికి అప్పగించారు. మాస్టారికి డ్రిల్లు ఒక్కటే మిగిలింది. అటుపైన మా జట్టు ఆడిన ప్రతి ఆటకూ ఆయన వచ్చేవారు. తోటవాళ్లు నిలబడే చోటే నిలబడేవారు. ఒకసారి కాఫీ అంగట్లో ఎదురుపడితే ఉండబట్టలేక అడిగేశాను: "ఎందుకు మాస్టారూ ఆనాడు ముడి బిగించారు?" "నీ పెద్దోడు నడుస్తన్నాడేట్రా?" అని మాట మార్చి, నా కాఫీ తీపి చాలలేదని అంగడివాణ్ణి కేకేశారు.

బుధవారం నాడు శ్మశానవాటికకు శిష్యసమూహం తరలివచ్చింది. అందరం చెప్పులూ బూట్లూ ద్వారం దగ్గర విడిచి లోపలికి వెళ్లాం. అంతలో ఒక వృద్ధుడు, కుంటుకుంటూ, పాతకాలపు ఫుట్‌బాల్ బూట్లతో టకటకమంటూ చితి దాకా నడిచొచ్చాడు. నా కోపం మీకు తెలిసిందే కదా. "ఏమయ్యా పెద్దాయనా, బుద్ధుందా? చితి దగ్గరికి బూట్లతోనా? విప్పు!" అన్నాను.

ఆయన అప్పన్న తండ్రి సింహాద్రి. నన్ను ఎగాదిగా చూసి, చితికేసి చెయ్యి చూపి, మెల్లగా అన్నాడు: "ఈయనే ఇప్పొద్దన్నాడు బాబూ."

నాకేమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "ఆ దినం ఆట మజ్జిలో మా దొర కుర్సీలోంచి నవ్వుతా అరిసినాడు. 'సప్పాత్తు కళట్టు!' అని. అంటే జోడు ఇప్పు అని అరవంలో. రోజూ మాకు సెప్పీ మాటే. మా గుంటడు దడిసిపోయి ముడి లాగేసినాడు. మాస్టారు కూకుని ముడి కట్టినాడు. 'వొద్దు నాయినా. ఆట కోసరం ఇప్పితే నానే ఇప్పుదును. ఆడు ఇప్పమన్నాక ఇప్పకు. ఓడితే ఓడదాం. మీ అయ్య సూస్తన్నాడు' అన్నాడు. నాను ఎనకాలే ఉన్నాను, ఇన్నాను." వంగి కాళ్ల బూట్లు చూపించాడు. "గుంటడు ఇప్పుడు తెలుక్ ఆన్సన్ ఊళ్లో బడిపంతులు. ఆడి ఈ బూట్లు నా కాడే దాసినాను. ఇన్నేళ్లూ దొర ముందు తొడగనేదు, దయిర్నం సాలక. ఈయాల తొడిగినాను. తోట ఆపీసు ముందునుంచే నడిసొచ్చినాను."

ఆనాడు డేరాలోంచి దొర ఏ మాట అరిచాడో, ఎదుటి ఒడ్డు నుంచి మేమూ ఆ మాటే అరిచాం. రెండు ఒడ్ల నుంచి ఒకే కేక చెవుల్లో పడుతుండగా, ఆ మహానుభావుడు తన పేరునూ పదవినీ బురదలో వదిలి, ఒక తోటకూలీ కొడుకు బూటు ముడి బిగించారు. నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను మహజరు చింపేసి ఉండేవాణ్ణి. చెబితే అప్పన్న దడిసిన సంగతి ఊరంతా తెలిసిపోయేది. అందుకే చెప్పలేదు.

మాస్టారూ, మీ మీద మహజరు రాసిన చెయ్యి ఇదే. క్షమించమని అడగడానికి ఇన్నేళ్లు ఒకే ఊళ్లో ఉండి, నేను అడగలేదు. ఇక అడిగినా వినడానికి మీరు లేరు. కాలేజీకి శిక్షకులు వస్తారు, కప్పులూ వస్తాయేమో. బురదలో మోకాలు ఆనించే మనిషి మాకు మళ్లీ రాడు.

చితి అంటుకునే వేళ మేమంతా వట్టి కాళ్లతో నిలబడ్డాం. సింహాద్రి బూట్లతో నిలబడ్డాడు. కుంటి నడకలో ఆయన ఎడమ బూటు ముడి ఊడిపోయి ఉంది. నేను కూర్చుని, నా చేత్తో కట్టాను.