నలభై మందిలో ఒక్క రూపాయి బిళ్ళ

మా నాన్న వాడిన పాత రేంజ్‌ఫైండర్ రీలు కెమెరాకి ఒక ట్రైపాడ్, దాని మీద నిలబెట్టడానికి కెమెరా అడుగున బిగించే ప్లేటు కొందామని నెల రోజులు తిరిగాను. బాపట్లలో సెల్‌ఫోన్ స్టాండు చూపించారు. చివరికి తెనాలిలో దొరికాయి. షాపాయన రూపాయి బిళ్ళతో స్క్రూ తిప్పి ప్లేటు గట్టిగా బిగించి ఇచ్చాడు.

ఈ రోజు రేపల్లెలో, మా అత్తగారి చర్చిలో ఆరాధన అయ్యాక గ్రూప్ ఫోటో. నలభై మందిని ఎండలో నిలబెట్టి, ఫోకస్ కుదిర్చి, తీరా నొక్కబోతే రీలు అయిపోయింది. ఈ కెమెరాకి రీలు మార్చే మూత అడుగునే ఉంటుంది. దానికి అడ్డంగా నా కొత్త ప్లేటు!

"ఎవరి దగ్గరైనా రూపాయి బిళ్ళ ఉందాండీ?" అన్నాను. అందరూ జేబులు తడుముకున్నారు. అందరికీ ఫోన్లున్నాయి, బిళ్ళ మాత్రం లేదు. ఆఖరికి వెనక వరసలోంచి మార్తమ్మ మామ్మగారు కొంగుముడి విప్పి ఒకటిచ్చింది.

ప్లేటు ఊడదీసి, కొత్త రీలెక్కించి తలెత్తేసరికి జనం ఫోన్లో ఫోటో దిగేసి భోజనాలకి వెళ్లిపోయారు. మామ్మగారొక్కతే ఎండలో నిలబడి ఉంది.

"మీరొక్కరే ఆగారు మామ్మగారూ!"

"ఫోటోకి కాదు నాయనా, నా బిళ్ళ కోసం. సాయంత్రం ప్రార్థన కూటంలో కానుకెయ్యాలి."

బిళ్ళ ఇచ్చేసి, కెమెరా చేత్తోనే పట్టుకుని ఆవిణ్ణే ఒక ఫోటో తీశాను. నెల రోజుల తిరుగుడికి దక్కింది అదే.

ప్లేటు ఇంకా జేబులోనే ఉంది. బిగిద్దామంటే ఇంట్లో కూడా బిళ్ళ లేదు. మీ ఇళ్లలో ఉందా, ఒకసారి వెతికి చెప్పండి.